వెదురు ఎలుకలో దొరికిన బూజు

శిలీంధ్రముల వలన చర్మమునకు వచ్చు వ్యాధులు మనవారికి క్రొత్తవి కావు. తామర, శోభి, వానకాలములో పొలము పనులు చేయువారి కాలివేళ్ళ సందులు తెల్లగా నాని పాసిపోవుట, ఇవన్నియు ఏదో ఒక విధమైన బూజు వలననే కలుగుచున్నవి. దురద పెట్టును, చూచుటకు అసహ్యముగా నుండును, తగ్గినట్లే తగ్గి మరల వచ్చును. కాని వీటి వలన ప్రాణము పోవుట లేదు. తామర బూజులకు కావలసిన ఆహారము చర్మముయొక్క పైపొరలోను, వెండ్రుకలలోను, గోళ్ళలోను ఉండు కెరాటిన్ అనెడి పదార్థము. ఆ పైపొర ప్రాణములేని కణములతో కూడినది. దానిని దాటి లోనికి పోవలసిన అవసరము వాటికి సామాన్యముగా కలుగదు.

సూక్ష్మజీవుల వలన మనిషికి రోగము కలుగునను సంగతికి మొదటి సాక్ష్యములు దొరికినది ఈ చర్మపు బూజులలోనే అని చాలమందికి తెలియదు. 1839లో జ్యూరిచ్ నగరమున షోన్‌లైన్ అను వైద్యుడు, తలపై పసుపుపచ్చని పెచ్చులు కట్టెడి ఒక వ్యాధిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఆ పెచ్చులలో శిలీంధ్రపు పోగులున్నవని ప్రకటించినాడు. రెమాక్ అను మరియొక వైద్యుడు ఆ పెచ్చును తన చేతికే అంటించుకొని రోగము తెచ్చుకొన్నాడు. 1841 మొదలుకొని పారిస్‌లో గ్రూబీ వరుసగా ఇట్టి వ్యాధులను పరిశీలించి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క శిలీంధ్రము కారణమని చూపినాడు. క్షయరోగపు సూక్ష్మజీవిని కోక్ ప్రకటించినది 1882లో. అనగా అంతకు నలుబది ఏండ్ల క్రిందటనే బూజు తన నేరమును ఒప్పుకొన్నదన్నమాట.

ఈ చర్మరోగములలో దారి బయటినుండి లోపలికి. దీనికి సరిగా ఎదురుదారి నడచు వ్యాధులు కూడ కొన్ని ఉన్నవి. వాటిలో శిలీంధ్రము ఊపిరితో లోనికి పోయి, రక్తములో కలిసి, కాలేయమున, ప్లీహమున, ఎముకల మూలుగలో కాపురము పెట్టి, చివరకు లోపలినుండి చర్మము మీదికి వచ్చును. ఆరోగ్యవంతుని శరీరము దీనిని మొదటి మెట్టులోనే త్రొక్కివేయును. రోగములను ఎదిరించు శక్తి సన్నగిల్లిన వానిలో మాత్రము అది చివరి మెట్టువరకు పోవును. అప్పుడు చర్మముపై కనబడు పొక్కు రోగము కాదు, రోగమును గూర్చిన ప్రకటన. ఆ ప్రకటనను చదువగలిగిన వైద్యుడు దొరికిన రోగి బ్రదుకును. లేనివాడు చాలవరకు బ్రదుకడు. ఇట్టి వ్యాధులలో ఆసియాఖండమునకే ప్రత్యేకమైనది ఒకటి కలదు. దాని చరిత్ర వియత్నాములోని ఒక ఎలుకతో మొదలగుచున్నది.

దక్షిణ వియత్నాములో లాంగ్‌బియాంగ్ అను ఎత్తైన పీఠభూమి కలదు. ప్లేగు సూక్ష్మజీవిని 1894లో హాంగ్‌కాంగులో కనుగొన్న యెర్సిన్ అంతకు ముందటి సంవత్సరము ఈ పీఠభూమిని చేరి, ఇచ్చటి చల్లని గాలిని మెచ్చుకొన్నాడు. తరువాత అక్కడ దాలాత్ అను పట్టణము వెలసినది. అందు ఒక పాస్తర్ సంస్థ ఏర్పడినది. ఫ్రెంచి ప్రభుత్వము 1954లో వియత్నామును విడచినను, పాస్తర్ సంస్థలోని శాస్త్రజ్ఞులు కొంతకాలము తమ పని సాగించినారు. వారు ప్రయోగముల కొరకు పెంచుచుండిన జంతువులలో వెదురు ఎలుకలు కూడ ఉండెను.

ఈ వెదురు ఎలుక మన యింటి ఎలుక వంటిది కాదు. బలిసిన శరీరము, పొట్టి కాళ్ళు, పొట్టి తోక, పొడుచుకొని వచ్చిన నారింజరంగు పండ్లు గల జంతువిది. వెదురుపొదల క్రింద బొరియలు త్రవ్వుకొని, వెదురు వేళ్ళు తినుచు, బ్రదుకులో ఎక్కువభాగము మట్టిలోనే గడపును. దక్షిణ చైనా మొదలు మన ఈశాన్య రాష్ట్రముల వరకు కొండజాతులవారు దీని మాంసమును ఇష్టముగా తిందురు.

దాలాత్‌లో పంజరములోనున్న ఒక వెదురు ఎలుక కాలేయములో చిత్రమైన శిలీంధ్రమొకటి కనబడినది. కప్పోని, సూరో, సెగ్రెతాఁ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు 1956లో దీనిని లోకమునకు తెలియజేసినారు. శిలీంధ్రమును పారిస్‌లోని పాస్తర్ సంస్థకు పంపగా, అక్కడ సెగ్రెతాఁ దానిని పెంచి, పరిశీలించి, 1959లో పెనిసిల్లియం మార్నెఫై అని పేరు పెట్టినాడు. ఇండోచైనా పాస్తర్ సంస్థకు డైరెక్టరుగా నుండిన మార్నెఫ్ గౌరవార్థము పెట్టిన పేరది. పెనిసిల్లియం అనునది ఎంత ప్రసిద్ధమైన కుటుంబమో చెప్పనక్కరలేదు. నిలువయున్న నిమ్మపండుపై నీలముగా, ఆకుపచ్చగా పట్టు బూజు ఆ కుటుంబములోనిది. ఫ్లెమింగ్ 1928లో గుర్తించిన పెనిసిలిన్ ఆ కుటుంబమునుండియే వచ్చినది. లక్షల ప్రాణములను కాపాడిన వంశములో ప్రాణములు తీయు బూజు పుట్టినదన్నమాట. వందలకొలది జాతులు గల ఆ వంశములో మనుష్యుల రక్తములో వ్యాపించి రోగము కలిగించుటను వృత్తిగా పెట్టుకొన్నది ఇదొక్కటియే. (2011లో వర్గీకరణ శాస్త్రజ్ఞులు దీనిని పెనిసిల్లియం నుండి తీసి తాలరోమైసిస్ అను ప్రజాతిలో చేర్చినారు. కనుక నేటి గ్రంథములలో దీని పేరు తాలరోమైసిస్ మార్నెఫై. రోగము పేరు తాలరోమైకోసిస్.)

సెగ్రెతాఁ పరిశోధనలో జరిగిన ఒక ప్రమాదమును ఇచ్చట చెప్పవలెను. ప్రయోగశాలలో చిట్టెలుకలకు ఈ శిలీంధ్రమును సూదితో ఎక్కించుచుండగా ఆ సూది ఆయన వ్రేలికే గ్రుచ్చుకొన్నది. కొలదిదినములకు ఆ చోట చిన్న గడ్డ లేచినది. తరువాత చంకలోని గ్రంథులు వాచినవి. వెదురు ఎలుక రోగము మనుష్యులకు కూడ సోకగలదని ఈ విధముగా మొదటిసారి తెలిసినది. నిస్టాటిన్ అను మందు వాడగా ఆయనకు నయమైనది. హేజన్, బ్రౌన్ అను ఇద్దరు స్త్రీ శాస్త్రజ్ఞులు న్యూయార్కు రాష్ట్రపు ప్రయోగశాలలో 1950లో ప్రకటించిన మందు అది. పేరు కూడ ఆ రాష్ట్రము పేరునుండి వచ్చినదే. అయితే నోటితో మ్రింగిన నిస్టాటిన్ రక్తములోనికి చేరునది అత్యల్పము. కనుక ఆయన కోలుకొనుటలో మందుకంటె ఆయన ఆరోగ్యముయొక్క పాలు ఎక్కువ కావచ్చును. బలమైన శరీరములో ఈ బూజు వ్రేలి కొననుండి చంకవరకు మాత్రమే ప్రయాణము చేయగలిగినది. బలహీనమైన శరీరములో ఎంతదూరము పోగలదో అప్పటికి ఎవ్వరికిని తెలియదు.

ప్రయోగశాలలో బయటపడిన మరియొక వింత ఈ శిలీంధ్రపు రెండు రూపములు. 25 డిగ్రీల వేడిమి వద్ద, అనగా బయటి గాలిలో, ఇది సామాన్యమైన బూజువలె పోగులు పోగులుగా పెరిగి, తాను పెరుగుచున్న మాధ్యమమును ఎర్రని ద్రాక్షసారాయి రంగుగా మార్చును. 37 డిగ్రీల వద్ద, అనగా మన రక్తపు వేడిమి వద్ద, పోగులు మాయమై ఈస్టు వంటి చిన్నచిన్న కణములుగా మారును. రొట్టెలలో వాడు ఈస్టు కణము మొగ్గ తొడిగి పిల్ల కణమును పెట్టును. ఇదియో, నడుమ ఒక అడ్డుగోడ కట్టుకొని రెండుగా విడిపోవును. ఈ అడ్డుగోడను పాఠకులు గుర్తుంచుకొనవలెను. చూచుటకు అల్పమైన యీ లక్షణమే తరువాతి కాలమున ఎందరి ప్రాణములనో నిలిపినది.

సెగ్రెతాఁ వ్రేలి సంగతి తరువాత పదునాలుగు ఏండ్లు ఈ శిలీంధ్రము పుస్తకములలోను, గాజుగొట్టములలోను నిద్రించినది. 1973లో అమెరికానుండి డిసాల్వో మొదలగువారు ఒక రోగి వృత్తాంతమును ప్రకటించినారు. ఆయన 61 ఏండ్ల క్రైస్తవ మతబోధకుడు. ఆగ్నేయాసియాలో నివసించి వచ్చినవాడు. హాడ్జ్‌కిన్ వ్యాధి అనెడి శోషరస గ్రంథుల క్యాన్సరుతో బాధపడుచుండెను. శస్త్రచికిత్సలో తీసివేసిన ఆయన ప్లీహమును పరీక్షింపగా అందు వెదురు ఎలుక బూజు ఉన్నది. ప్రకృతిసిద్ధముగా ఈ రోగము సోకిన మొదటి మనిషిగా ఆయనను లెక్కించుచున్నారు. రోగమును ఎదిరించు కణములే చెడిపోవు జబ్బు హాడ్జ్‌కిన్ వ్యాధి. శిలీంధ్రము ఎవరిని ఎన్నుకొనునో చెప్పు తొలి సూచన అది. కాని ఒక్క రోగిని చూచి ఎవరు మాత్రము సిద్ధాంతము కట్టగలరు?

1984లో జయనేత్ర మొదలగు థాయిలాండు వైద్యులు అయిదుగురు రోగులను గూర్చి వ్రాసినారు. 1985లో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీకి చెందిన డెంగ్ అను శాస్త్రజ్ఞుడు కానర్‌తో కలిసి ఎనిమిది మందిని గూర్చి ప్రకటించినాడు. డెంగ్ వ్యాసమునకు ఒక ప్రత్యేకత కలదు. ఈ శిలీంధ్రమును హిస్టోప్లాస్మా అను మరియొక శిలీంధ్రమునుండి వేరుచేసి చూపుటకు ఆయన చాల శ్రమపడినాడు. రెండును రోగి కణములలో దూరి చిన్న చుక్కలవలె కనబడును. తేడా యేమనగా, హిస్టోప్లాస్మా మొగ్గ తొడుగును, ఇది అడ్డుగోడ కట్టును. అంతకు ముందు హిస్టోప్లాస్మా అని, క్షయ అని పేరు వ్రాసి పూడ్చిపెట్టిన రోగులలో కొందరైనను ఈ బూజు వాతబడినవారే అయియుందురనుట న్యాయము. జ్వరము, చిక్కిపోవుట, దగ్గు, గ్రంథుల వాపు చూచినప్పుడు ఆసియాలోని ఏ వైద్యునికైనను ముందు తోచునది క్షయయే గదా.

అప్పటివరకు ఇది అరుదైన జబ్బు. దానిని అరుదు కాకుండ చేసినది ఎయిడ్స్.

హెచ్.ఐ.వి. అనెడి వైరస్ రక్తములోని సి.డి.4 కణములను వరుసగా నాశనము చేయును. ఆరోగ్యవంతుని రక్తములో ఘన మిల్లీమీటరుకు ఇవి 500 మొదలు 1500 వరకు ఉండును. వీటి పనిని ఒక ఉపమానముతో చెప్పవచ్చును. ఊపిరితిత్తులలో భక్షక కణములనెడి కావలివాండ్రు ఉందురు. గాలితో వచ్చిన బూజు బీజమును వారు మ్రింగివేయుదురు. అయితే మ్రింగుట వేరు, అరిగించుకొనుట వేరు. అరిగించుకొనుటకు పై అధికారి ఆజ్ఞ కావలెను. ఆ ఆజ్ఞను పంపునవి సి.డి.4 కణములు, ఆజ్ఞాపత్రము ఇంటర్‌ఫెరాన్ గామా అనెడి రసాయన ద్రవ్యము. ఆజ్ఞ రాకపోయినచో కావలివాని కడుపులోనే దొంగ కాపురముండి, పిల్లలను పెట్టి, వాని భుజముపైనెక్కి ఊరంతయు తిరుగును. సి.డి.4 సంఖ్య 100కు దిగువకు పడిన రోగులలో సామాన్యముగా జరుగుచున్నది ఇదియే.

థాయిలాండు ఉత్తరభాగమున చియాంగ్‌మాయ్ అను నగరము కలదు. చుట్టును కొండలు, వెదురు అడవులు, వరిపొలములు. 1989 జూన్‌లో ఆ నగరపు వేశ్యాగృహములలో జరిపిన పరీక్షలలో నూటికి 44 మంది స్త్రీలకు హెచ్.ఐ.వి. సోకినదని తేలినప్పుడు దేశమంతయు దిగ్భ్రాంతి చెందినది. వారి వద్దకు పోవు యువకులకు, ఆ యువకుల భార్యలకు, పుట్టిన బిడ్డలకు అది వ్యాపించుటకు ఎంతోకాలము పట్టలేదు. బూజు ఆ నేలలో ఎప్పటినుండియో ఉన్నది. ఇప్పుడు దానికి అడ్డులేని శరీరములు వేలకొలది ఒకేచోట దొరికినవి. కొలది సంవత్సరములలోనే అక్కడి ఎయిడ్స్ రోగులలో క్షయ, క్రిప్టోకాకస్ వ్యాధుల తరువాత మూడవ స్థానము ఈ వెదురు ఎలుక రోగమునకు వచ్చినది.

చియాంగ్‌మాయ్ విశ్వవిద్యాలయపు వైద్యులు సుప్పరత్‌పిన్యో, సిరిసంథన మొదలగువారు 1992లోను, 1994లోను ప్రకటించిన వ్యాసములు ఈ రోగచరిత్రలో ముఖ్యమైనవి. రోగులలో చాలమంది యౌవనములో నున్నవారు. జ్వరము, రక్తహీనత, బరువు తగ్గిపోవుట దాదాపు అందరిలోను కలవు. అయితే ఇవి ఎయిడ్స్ రోగిలో వేయి కారణముల వలన రావచ్చును. కాని నూటికి సుమారు 70 మందిలో చర్మముపై పొక్కులున్నవి. ముఖము, చెవులు, మెడ, ఎదురురొమ్ము, చేతులు వీటిపై చిన్న బుడిపెలు లేచి, వాటి నడుమ బొడ్డువలె గుంటపడి, ఆ గుంటలో నల్లని పొక్కు కట్టును. అలవాటులేని కంటికి అవి మొలస్కం అను వైరస్ వలన వచ్చు ముత్యములవంటి పొక్కులుగా తోచును. మొలస్కం అయినచో తొందర లేదు, ఏ మందు లేకున్నను రోగి దానివలన చావడు. ఇవి బూజు పొక్కులైనచో వారములు కాదు, దినములు లెక్కపెట్టవలెను. రూపములో ఇంత దగ్గరగా నుండి ఫలితములో ఇంత దూరముగా నుండు పొక్కులు చర్మశాస్త్రములో తక్కువ.

రోగమును రుజువు చేయుటకు రక్తమునో, మూలుగనో తీసి శిలీంధ్రమును పెంచవలెను. దానికి వారము పట్టును, ఒక్కొక్కప్పుడు రెండు వారములు పట్టును. అంతకాలము వేచియుండగల స్థితి చాలమంది రోగులకు లేదు. చియాంగ్‌మాయ్ వైద్యులు చూపిన మార్గము ఇది. చర్మపు పొక్కునుండి చిన్న ముక్క కోసి, దానిని గాజుపలకపై ఒత్తి, రక్తపరీక్షలలో నిత్యము వాడు రైట్ రంగు వేసి సూక్ష్మదర్శిని క్రింద చూడవలెను. కణముల లోపలను వెలుపలను చిన్న ఈస్టు రూపములు, వాటి నడుమ స్పష్టమైన అడ్డుగోడ కనబడినచో సందేహము లేదు, వెంటనే మందు మొదలు పెట్టవచ్చును. పెంపకపు ఫలితము తరువాత వచ్చినను సరే. మూలుగతోను, గ్రంథుల ముక్కలతోను ఇట్లే చేయవచ్చును. కాని పొక్కును కోయుట అన్నిటికంటె సులభము. దీనికి కావలసినవి ఒక కత్తి, గాజుపలక, చౌకయైన రంగు, ఒక సూక్ష్మదర్శిని. అన్నిటికి మించి, అడ్డుగోడను గుర్తించు కన్ను. పెద్ద యంత్రములు లేని ఆసుపత్రులకు ఇంతకంటె మేలైన పద్ధతి అప్పటికి లేదు.

మందుల సంగతి కూడ అక్కడనే తేలినది. ఆంఫోటెరిసిన్ అనెడి మందు వెనిజులా దేశములోని ఓరినోకో నదీప్రాంతపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవినుండి 1950 తరువాతి సంవత్సరములలో తీయబడినది. అది బలమైన మందు, కఠినమైన మందు కూడ. నరములోనికి నెమ్మదిగా ఎక్కించవలెను, ఎక్కించునప్పుడు రోగి వణకిపోవును, మూత్రపిండములు దెబ్బతినును. ఇట్రాకొనజోల్ అను మాత్రలలో ఈ బాధ లేదు. 1998లో సిరిసంథన మొదలగువారు మొదటి రెండు వారములు ఆంఫోటెరిసిన్, తరువాత పది వారములు ఇట్రాకొనజోల్ 74 మంది రోగులకు ఇయ్యగా, వారిలో 72 మందికి గుణము కనబడినది. మందు లేనిచో మరణము తప్పనిదిగా నుండిన రోగములో ఇది చిన్న విజయము కాదు. అయితే మందు మానగానే రోగము తిరుగబెట్టుచుండెను. అదే సంవత్సరము సుప్పరత్‌పిన్యో బృందము నయమైన 71 మందిని రెండు భాగములు చేసి, 36 మందికి ఇట్రాకొనజోల్, 35 మందికి మందులేని మాత్రలు ఇచ్చి ఒక సంవత్సరము చూచినది. మందు తీసికొన్న వారిలో ఒక్కరికిని రోగము తిరుగబెట్టలేదు. తీసికొనని 35 మందిలో 20 మందికి తిరుగబెట్టినది. బూజును చంపుట సగము పని మాత్రమే. పోయిన శక్తి తిరిగి రానంతకాలము అది వాకిటనే కాచుకొనియుండును. హెచ్.ఐ.వి.ని అదుపులో పెట్టు మందులు తరువాతి సంవత్సరములలో థాయిలాండు ప్రజలకు విరివిగా దొరకుటతో ఈ రోగము కూడ తగ్గుముఖము పట్టినది.

ఇంతకును ఈ బూజు మనిషికి ఎక్కడనుండి వచ్చుచున్నది? వెదురు ఎలుకనుండి అని అందరును మొదట తలంచినారు. ఎలుకలలో అది దొరకుచునే యున్నది. కాని చియాంగ్‌మాయ్‌లో చరియాలెర్త్‌సక్ మొదలగువారు రోగము వచ్చినవారిని, రానివారిని ప్రక్కప్రక్కన పెట్టి విచారింపగా, ఎలుకను తినుటకుగాని పట్టుటకుగాని రోగముతో సంబంధము కనబడలేదు. సంబంధము కనబడినది మట్టితో. అందులోను వానకాలపు మట్టితో. 1996, 1997 సంవత్సరములలో ప్రకటించిన ఈ ఫలితములు ఎలుకను ముద్దాయి స్థానమునుండి తొలగించి, రైతువలె అది కూడ మట్టివలన రోగము తెచ్చుకొన్న బాధితురాలై యుండవచ్చునని సూచించినవి. వియత్నాములోని హోచిమిన్ నగరమున 2013లో ప్రకటింపబడిన మరియొక పరిశోధన గాలిలో తేమ పెరిగిన కొలది వారములకే ఆసుపత్రిలో చేరు రోగుల సంఖ్య పెరుగుచున్నదని చూపినది. అయినను ఎలుక బొరియలకు దూరముగా మామూలు నేలలో ఈ శిలీంధ్రమును వెదకిపట్టుట బహుకష్టముగానే యున్నది.

ఈ రోగము మనదేశమునకు పరాయిది కాదు. మణిపూర్ రాష్ట్రము బర్మాకు ఆనుకొనియున్నది. అక్కడనుండి వచ్చు హెరాయిన్‌ను ఒకే సూదితో పలువురు ఎక్కించుకొనుట వలన 1990 ప్రాంతములో ఆ చిన్న రాష్ట్రములో హెచ్.ఐ.వి. వేగముగా ప్రాకినది. మణిపూర్ కొండలలో వెదురు, వెదురు ఎలుక, వాన మూడును సమృద్ధి. చియాంగ్‌మాయ్ కథ ఇచ్చట మరల జరుగుటకు కావలసినవన్నియు ఉన్నవి, జరిగినది కూడ. 1999లో అక్కడి వైద్యులు నలుగురు రోగుల వృత్తాంతము ప్రకటించినారు. వారందరును మణిపూర్‌లోనే రోగము సోకినవారు. జ్వరము, ఆకలి లేకపోవుట, కాలేయము ప్లీహము పెరుగుట, అన్నిటికంటె ముఖ్యముగా మొలస్కమును పోలిన చర్మపు పొక్కులు వారిలో కనబడినవి. 2004లో గుగ్నాని మొదలగువారు మణిపూర్‌లో పట్టిన 110 వెదురు ఎలుకలను పరీక్షించి 10 ఎలుకల అవయవములలో ఈ శిలీంధ్రమును కనుగొన్నారు. తెలుగుదేశపు నేలలో ఇది ఉన్నట్లు చెప్పుటకు ఆధారము లేదు. కాని మనుష్యులు ఒకచోట నిలుచువారు కారు. ఊపిరితిత్తులలో అణగియున్న బూజు చాలకాలమునకు తలయెత్తిన సందర్భములు కలవు గనుక, ఈశాన్యమున ఉద్యోగము చేసివచ్చినవాడు హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో జబ్బుపడవచ్చును. అట్టివానిని “ఎక్కడెక్కడ నివసించినావు?” అని అడుగుట పరీక్షలలో మొదటి పరీక్ష.

ఎయిడ్స్ తగ్గినచోట రోగము పూర్తిగా పోయినదా అనిన, పోలేదు. అవయవములు మార్పిడి చేయించుకొని శక్తిని అణచు మందులు వాడువారిలోను, క్యాన్సరు రోగులలోను ఇది కనబడుచునే యున్నది. ఇంతకంటె వింతయైన గుంపు ఒకటి 2012లో బయటపడినది. థాయిలాండు, తైవాన్ దేశములలో హెచ్.ఐ.వి. లేకున్నను ఇట్టి రోగములు ఒకదానివెంట ఒకటి వచ్చుచున్న పెద్దవయస్కులను బ్రౌన్ మొదలగువారు పరీక్షింపగా, వారిలో అత్యధికుల రక్తములో ఇంటర్‌ఫెరాన్ గామాను పట్టి నిర్వీర్యము చేయు ప్రతిరక్షకములు దొరకినవి. పై ఉపమానములో చెప్పినట్లయిన, అధికారి ఆజ్ఞాపత్రము పంపుచున్నాడు, కావలివాడు మెలకువగానే ఉన్నాడు, నడుమ ఇంటివాడే ఉత్తరమును చింపివేయుచున్నాడు! ఎయిడ్స్‌లోను ఇందులోను చెడిన మెట్టు వేరు, ఫలితము ఒకటే. సి.డి.4 కణములకు, ఇంటర్‌ఫెరాన్‌కు, భక్షక కణమునకు గల సంబంధము ఈ బూజు విషయమున ఎంత కీలకమో ఈ రోగుల వలన మరియొకసారి స్పష్టమైనది.

చికిత్సలో ఒక సందేహము చాలకాలము మిగిలియుండెను. ఆంఫోటెరిసిన్ బాధ పడలేక, దానిని నిలువచేయు వసతిలేక, అనేకచోట్ల వైద్యులు మొదటినుండియు ఇట్రాకొనజోల్ మాత్రలే ఇచ్చుచుండిరి. రెండును సమానమేనని పలువురి నమ్మకము. వియత్నాములోని అయిదు ఆసుపత్రులలో 440 మంది రోగులపై లె అను వైద్యురాలి బృందము జరిపిన పరీక్ష ఫలితములు 2017లో వెలువడినవి. మొదటి రెండు వారములలో మరణములు రెండు గుంపులలోను ఇంచుమించు సమానము. కాని 24 వారములు గడచునప్పటికి ఆంఫోటెరిసిన్ గుంపులో నూటికి 11.3, ఇట్రాకొనజోల్ గుంపులో నూటికి 21 మంది మరణించినారు. రెండు వారములే చూచి పరీక్ష ముగించియున్నచో మాత్రలే చాలునను నమ్మకము స్థిరపడియుండెడిది.

అదే హోచిమిన్ నగరములోని ఉష్ణమండల వ్యాధుల ఆసుపత్రిలో 1996 మొదలు 2009 వరకు చేరిన 795 మంది రోగుల లెక్కలు 2011లో ప్రకటింపబడినవి. ఎవరు ఎక్కువగా మరణించినారను ప్రశ్నకు వచ్చిన సమాధానములలో ఒకటి ఆశ్చర్యకరమైనది. జ్వరముగాని, చర్మముపై పొక్కులుగాని లేనివారి గతి అధ్వాన్నముగా ఉన్నది. ముఖమంతయు పొక్కులతో వికృతమైన రోగికంటె, చర్మము నున్నగానున్న రోగికి అపాయమెక్కువ! పొక్కులున్న వానిని వైద్యుడు చూడగానే అనుమానించును, ముక్క కోయును, మందు ఇచ్చును. పొక్కులు లేనివానిని క్షయ అనియో, మరియొకటనియో తలంచి దినములు గడిచిపోవును. తేడాకు కారణము ఇదే కావచ్చునని తోచుచున్నది. అందుచేత చర్మమును చూడనవసరము లేకుండ, రక్తములోనే శిలీంధ్రపు మాంసకృత్తులను పట్టు పరీక్షల కొరకు పలుచోట్ల కృషి జరుగుచున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మొదటిసారిగా ప్రమాదకరమైన శిలీంధ్రముల పట్టికను తయారుచేసి తాలరోమైసిస్ మార్నెఫైని మధ్యశ్రేణిలో చేర్చినది. అంతకు ముందటి సంవత్సరము వివిధ దేశముల శాస్త్రజ్ఞులు కొందరు దీనిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధులలో లెక్కించవలెనని కోరుచు, ఏటా సుమారు 17,300 మందికి ఈ రోగము సోకుచున్నదనియు, వారిలో సుమారు 4,900 మంది మరణించుచున్నారనియు అంచనా వేసినారు. వీరిలో ఎక్కువమంది వరిపొలములలోను, కొండ చరియలలోను మట్టి త్రవ్వి బ్రదుకువారు. దాలాత్‌లో ఎలుక కాలేయమునుండి తీసిన ఆ మొదటి శిలీంధ్రపు సంతతి ఇప్పటికిని పరిశోధనాలయములలో సజీవముగా పెంచబడుచున్నది. నేలలో దాని అసలైన నివాసము ఎక్కడ అను ప్రశ్నకు మాత్రము నిశ్చయమైన సమాధానము ఇంకను రాలేదు.